సోలెడు కందుల పేరు

“మనుమడు పుడితే నా పేరు పెట్టకుండ్రి. బడిల నవ్వుతరు” అన్నాడు మా ఆయన, వికారాబాద్ దవాఖానలో మంచం మీద నా వైపు ఒత్తిగిలి. అప్పటికి మా కోడలికి ఏడో నెల.

“నవ్వితే నవ్వనియ్యి. గా పేరుతోనే గదా నువ్వు బతికినవ్” అన్నాను.

“బతికిన, నిజమే” అని నవ్వాడు. మేమిద్దరం మాట్లాడుకున్నది అదే ఆఖరు. పొద్దు గూకక ముందే పోయాడు.

ఆ పేరేమిటో ఇప్పుడే చెప్పను. మా వైపు ఆడది మొగుడి పేరు పలకదు. యాభై ఏండ్లు నేనూ పలకలేదు. ఎట్లా వచ్చిందో మాత్రం చెబుతాను, నా బిడ్డ కూతురు రాస్తుంది.

మా అత్తకు ఈయన కంటే ముందు ఇద్దరు పుట్టి దక్కలేదు. ఈయన పుట్టిన మూడో రోజు చాటలో పడుకోబెట్టి, వెనక గోడ మీదుగా పక్కింటామెకు అమ్మారు. ఆమెకు ఏడుగురు పిల్లలు, ఏడుగురూ గట్టిగా ఉన్నారు. అట్లాంటి చేతికి అమ్మితే పిల్లాడు దక్కుతాడని నమ్మకం. ఆమె సోలెడు కందులు కొలిచి ఇచ్చింది. మా అత్త ఆ పూటే వాటిని వండించి ఇంటిల్లిపాదికీ పెట్టించింది. కొన్నామె పిల్లాణ్ణి తిరిగి తల్లి ఒళ్ళోనే పెట్టి, “నా కొడుకును జర మంచిగ సాకు” అని చెప్పి పోయిందట. ఆ కందుల మీదే పేరు పెట్టారు.

కొన్నామె ఉత్తుత్తిగా కొనలేదు. మా అత్త ఒక్క దెబ్బ వేస్తే చాలు, నా కొడుకు మీద చెయ్యేస్తావా అని గోడ మీద నుంచి తగవుకు వచ్చేదట. నేను మర్పల్లి నుంచి కోడలిగా వచ్చేసరికి నాకు ఇద్దరు అత్తలు. నా జొన్నరొట్టె ఒకామెకు మందం, ఇంకొకామెకు పలుచన.

ఆయనకు మాత్రం ఆ పేరంటే సిగ్గు. తాండూరు బండల గనిలో పనికి కుదిరినప్పుడు మేస్త్రీకి వేరే పేరు చెప్పాడు. ఆ పేరుతో పిలిస్తే ఎవరినో అనుకుని రాయి కొట్టుకుంటూ కూర్చున్నాడు. మూడు రోజులు తిట్లు తిని, నాలుగో రోజు అసలు పేరు ఒప్పుకున్నాడు.

మనుమడిని తొట్టెలలో వేసి పేరు పెట్టే వేడుక తాండూరులో మా కొడుకు ఇంట్లో చేశారు. ఫోనులో చూసి ఏదో పేరు ముందే ఏరి ఉంచుకున్నారు. బాగానే ఉంది. కానీ ఆయన పేరు ఇక ఎవరి నోటా రాదు కదా అని నాకు కలుక్కుమంది. ముండమోసినదాన్నని గోడ పక్కన కూర్చున్నదాన్ని, ఉండబట్టలేక కోడలిని పిలిచి కందుల సంగతంతా చెప్పాను. ఆమెకు తెలియదు. ఏదో మోటు పేరనుకుందట. కాసేపు పిల్లాణ్ణి చూసి, “గట్లయితే గా పేరే పెడుదం అత్తమ్మ. నువ్వే పిలువు” అంది.

పిలవాల్సింది మేనత్త, అంటే నా బిడ్డ. ముసలమ్మలు గొణిగారు. నా బిడ్డ తొట్టె దగ్గర నుంచి జరిగి నాకు చోటిచ్చింది. చెవిలో మెల్లగా అనాలి. నా బొంగురు గొంతుకు మెల్లగా అనడం ఎక్కడ వస్తుంది? వీధంతా వినేట్టు అన్నాను.

“కందప్ప. కందప్ప. కందప్ప.”

పిల్లాడు ఉలిక్కిపడి ఏడ్చాడు. ఇల్లంతా నవ్వింది. ఆయన మాట జవదాటాను, నిజమే. దాని తగవు పైన కలిసినప్పుడు పడతాం.

రాసింది ఇక చాలు బిడ్డా. నాకు సంతకం తప్ప అక్షరం రాదు. మొదటి నుంచి చదువు, నిదానంగా. ఆయన పేరు నీ నోట వినాలి.