ఎవరూ పోని ఇంట్లో శోకం

డిగ్రీలో తెలుగు సాహిత్యం తీసుకున్నానంటే మా ఊళ్లో ఎవరికీ నచ్చలేదు. "తెలుగు మనకు వచ్చిందే గదా, దాన్ని మల్ల మూడేండ్లు సదువుడు ఎందుకు?" అని కిరాణా దుకాణానికి వచ్చినవాళ్లంతా నాయినను అడిగేవాళ్లు. నాయిన కందిపప్పు తూస్తూనే, "మాట్లాడుడు వచ్చింది. రాసుడు రావాలె గదా" అనేవాడు. ఆ ఒక్క మాటకు ఆయనకు జన్మంతా మొక్కినా తక్కువే.

నేను బడి మొహం చూసినదాన్ని కాదు. చిన్నప్పుడు ఆయాసం ఉండేది, చలికాలమంతా మంచం మీదే గడిచిపోయేది. శనివారం హనుమంతుని గుడిలో పాడుకునే భజనల పుస్తకం తెచ్చి, దుకాణంలో గిరాకీ లేని వేళల్లో నాయినే నాకు అక్షరాలు చెప్పాడు. అమ్మ తూకం రాళ్లతో లెక్కలు నేర్పింది. అవ్వ, అంటే నాయిన తల్లి, తనకు చదువు రాకపోయినా పక్కన కూర్చుని వినేది. ఓపెన్ స్కూల్లో పది, ఇంటర్ పాసయ్యాక, కోస్గి దగ్గరి మా పల్లె నుంచి మహబూబ్‌నగర్ హాస్టల్‌కు పెట్టె పట్టుకుని వచ్చిన రోజున దేవుడు నాకు ఇంతకన్నా ఏమిస్తాడనుకున్నాను. ఇప్పటికీ అదే అనుకుంటాను. నా కోపం దేవుని మీద కాదు.

మా గ్రూపులో సృజనాత్మక రచన అని ఒక పేపరు ఉండేది. నేను చేరిందే దాని కోసం. అది చెప్పే సారు మంచి మాటకారి, కవి. రాసిన దాంట్లో మనకు బాగా నచ్చిన వాక్యాన్నే ముందు అనుమానించాలని ఆయనే నేర్పాడు. ఆ పాఠానికి ఆయనకు దండం పెడతాను. ఇప్పుడు చెప్పబోయేదంతా ఆ దండం పెట్టాకనే చెబుతున్నాను.

ఒకసారి ఆయన, "మీ ఇంట్లో రోజూ వినే గొంతు గురించి రాసుకురండి" అన్నాడు. నేను అవ్వ గొంతు రాశాను.

మా వైపు మనిషి పోతే ఆడవాళ్లు రాగం తీసి ఏడుస్తారు. దాన్ని శోకం తీయడం అంటారు. పోయినవాళ్లను వరస పెట్టి పిలుస్తారు. ఏం తిన్నారో, ఎవరికి పెట్టారో, ఎవర్ని ఎవరికి అప్పజెప్పి పోతున్నారో ఆ ఏడుపులోనే అడుగుతారు. మా అవ్వ వచ్చేదాకా వాకిట్లో కూర్చున్న ఆడవాళ్లకు ఏడుపు సరిగా రాదు. ఆమె గడప దగ్గర చెప్పులు విడిచి మొదటి పిలుపు పిలవగానే ఇల్లంతా కరిగిపోతుంది. మా చిన్నమ్మ పోయినప్పుడు అవ్వ ఏమని ఏడ్చిందో, విన్నది విన్నట్టు రాశాను.

అయితే దానికి ఒక కట్టుబాటు ఉంది. ఎవరూ పోని ఇంట్లో ఆ రాగం ఎత్తకూడదు, ఆటకైనా సరే. ఎత్తితే ఆ ఇంటికి చావును పిలిచినట్టే. అట్లా ఎత్తిన ఆడమనిషిని మళ్లీ ఎవరూ తమ వాకిట్లోకి ఏడవడానికి రానివ్వరు. చిన్నప్పుడు బొమ్మలాటలో నేను ఆ కూనిరాగం తీస్తే అవ్వ మూతి మీద ఒక్కటిచ్చి, వెంటనే తులసి నీళ్లతో నోరు కడిగించింది.

నా రాత సారుకు తెగ నచ్చింది. "అసలైన పాలమూరు ఇది!" అని క్లాసంతా వినేలా చదివాడు. నాకు ఆకాశం అందినట్టుంది. ఆ తర్వాతే అసలు సంగతి బయటపెట్టాడు. నెల తిరిగేసరికి కాలేజీలో సెమినార్ ఉంది, పట్నం నుంచి పెద్ద పెద్దవాళ్లు వస్తున్నారు, అవ్వను తీసుకొచ్చి స్టేజీ మీద పాడించాలి.

"అది పాట కాదు సార్. ఎవరన్న పోతేనే అవ్వ ఏడుస్తది" అన్నాను.

"మూఢనమ్మకాలు పక్కకు పెట్టమ్మా. సాహిత్యం చదివేదానివి. అదొక కళ. మీ అవ్వతో పాటే పోతది. నువ్వు కాపాడుకోవా?"

"అవ్వ రాదు సార్."

"ఇంట్ల చదువుకున్న పిల్లవు గదా, నీకు లోకం తెల్వది. సరే, నేనే వస్త" అన్నాడు నవ్వుతూ.

వచ్చాడు కూడా. నేను ఇంట్లో ఉన్న ఒక ఆదివారం పొద్దున ఇద్దరు సీనియర్లతో, ఫోను నిలబెట్టే స్టాండుతో కారు దిగాడు. అవ్వ మురిసిపోయింది. మనవరాలికి చదువు చెప్పే సారు ఇంటికొచ్చాడని చాప పరిచింది, చాయ పెట్టించింది, దుకాణంలోంచి బిస్కెట్లు తెప్పించింది. సారు చాయ తాగి మెల్లగా అసలు మాటకొచ్చాడు.

"అవ్వా, నువ్వు శోకం మస్తు తీస్తవంట. ఒక్కసారి తీయరాదు?"

అవ్వ గాబరాగా నావైపు చూసింది. "ఎవరు పోయిండ్రు బిడ్డా?"

"ఎవరూ పోలేదు. ఊరికే, మేం వినడానికి."

"ఊరికే ఎట్ల ఏడుస్తరు సారూ? ఎవర్ని పిలవాలె? ఏమని పిలవాలె?"

సారు నవ్వాడు. ఒక సీనియర్ అప్పటికే ఫోను సరిచేసుకుని కూర్చున్నాడు. "ఎవర్నో ఒకర్ని అనుకో అవ్వా. పోనీ, నన్నే అనుకో. నేనే పోయిననుకో."

వాకిట్లో అమ్మ చేతిలోని చీపురు ఆగిపోయింది. నాయిన "హనుమంతా" అన్నాడు. అవ్వ లేచి వంటింట్లోకి పోయింది. తిరిగి వచ్చేటప్పటికి పిడికిట్లో ఉప్పు, ఎండుమిరపకాయలు ఉన్నాయి, కళ్లల్లో నీళ్లు. ఎవరింటి కొడుకో, తన చాప మీద కూర్చుని, తన చాయ తాగి, తన నోటితోనే చావును పిలుచుకున్నాడు. "అట్ల అంటరా బిడ్డా, అట్ల అననే అనొద్దు. నూరేండ్లు బతుకు" అంటూ ఆయన తల చుట్టూ పిడికిలి తిప్పింది. ఆయన తల్లినీ పెండ్లాన్నీ పిల్లలనూ చల్లగా చూడమని వేడుకుంది. పెరట్లోని పొయ్యిలో ఉప్పూ మిరపకాయలూ వేసి వచ్చి, "ఘాటే రాలే. మస్తు దిష్టి ఉండె నీకు" అని ఊపిరి పీల్చుకుంది.

సారు దండం పెట్టి కారెక్కాడు. గండం గడిచిందనుకున్నాను. అవ్వ నోట ఆ రాగం రాలేదు, ఆమెకు వాకిళ్లు మూసుకుపోలేదు. నాకు అది చాలు. ఆ రాత్రి కొబ్బరికాయ కొట్టాను.

సెమినార్ రోజు హాలు నిండిపోయింది. సారు పేపరు చదివి తెర మీద వీడియో వేశాడు. తెర నిండా మా అవ్వ ముఖమే, పిడికిలి కనిపించకుండా, భుజం దాకే దగ్గరికి లాగిన ముఖం. కళ్లల్లోంచి నీళ్లు కారుతున్నాయి, పెదవులు కదులుతున్నాయి. మాటలు తీసేసి వేణువు పెట్టారు. కింద అక్షరాలు పడుతున్నాయి. అవి నేను రాసినవి, చిన్నమ్మ కోసం అవ్వ ఏడ్చిన మాటలు. నూరేండ్లు బతకమని దీవించే ముఖం కింద, నన్నెవరికి అప్పజెప్పి పోతివి అని నడుస్తోంది. ముందు వరుసలో ఒకాయన కండ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

నా పక్కనే కూర్చున్న కొల్లాపూర్ పిల్ల నా మోచేతి మీద గిల్లింది. "ఏయ్, అది దిష్టి తీసుడు గదనే? భుజం చూడు, ఎట్ల తిరుగుతాందో!"

ఆ హాల్లో సగం మందివి మా పల్లెల్లాంటి పల్లెలే. ఆ భుజం తిరగడం వాళ్లంతా గుర్తుపట్టారు. అయినా చప్పట్లు మొదలయ్యాయి. నా కాళ్లు వాటంతట అవే లేచాయి.

"సార్, అది శోకం కాదు. మీరు పోవొద్దని మా అవ్వ మీకు తీసిన దిష్టి. ఆ మాటలు మా చిన్నమ్మ కోసం ఏడ్చినవి. ఆమె చచ్చిపోయింది. మీరు బతికే ఉన్నరు."

వెనక వరుసల్లో ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాత సారును చూసి పెద్దగా నవ్వారు. వాళ్ల నవ్వు నాకు సాయం కాలేదు. నేనేమీ తమాషా చేయలేదు.

స్టాఫ్ రూములో సారు నన్ను నిలబెట్టాడు. "బడికి పోతే తెలిసేది, పెద్దల ముందు ఎట్ల ఉండాల్నో. నీకు సాహిత్యం ఎందుకమ్మా? వేరే గ్రూపుకు మారిపో" అన్నాడు. బడికి పోలేదు కాబట్టే, చెప్పినవాళ్లు ఎవరైనా సరే అబద్ధాన్ని అబద్ధమనే అనుకునే అలవాటు నాకు మిగిలింది. ఆ మాట బయటికి అనలేదు. "మారను సార్" అన్నాను, అంతే. ఆ పేపరులో ఆయన చేతిలోని మార్కులు ఫెయిల్ కాకుండా సరిపోయేంత వచ్చాయి. వీడియోను మాత్రం వెనక్కి తీసుకోలేదు. దాని మీద రాసిన వ్యాసం పుస్తకంలోకి కూడా ఎక్కింది.

ఇప్పుడు నేను అదే మహబూబ్‌నగర్‌లో పిల్లలకు తెలుగు చెబుతున్నాను, రాస్తున్నాను. నాయినకూ అమ్మకూ ఆ కాలేజీ గోడలకూ రోజూ మనసులో దండం పెట్టుకుంటాను. కానీ ఆ తెర గుర్తొస్తే ఇవాళ్టికీ కోపం లేస్తుంది. ఒక ముసలామె ప్రాణం పెట్టి ఇచ్చిన దీవెనను సారు పీనుగ మీద కప్పే బట్టగా వాడుకున్నాడు. దానికి పరిశోధన అని పేరు పెట్టుకున్నాడు.

అవ్వకు ఇవేవీ తెలియవు. చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఊరికి పోయినప్పుడల్లా బ్యాగు దించకముందే అడుగుతుంది.

"మీ సారు మంచిగున్నడా? పాడు మాట అన్నడు ఆనాడు. నాకు ఇంకా ఫికరే."

"మంచిగున్నడు అవ్వా."

"దీపం పెట్టినప్పుడు ఆయన కోసం ఒక మొక్కు మొక్కు బిడ్డా. మరువకు."

అవ్వ చెప్పింది కాబట్టి మొక్కుతాను. సాయంత్రం ఒత్తి వెలిగించి అందరి పేర్లూ అయ్యాక, చివరికి ఆయన పేరు వస్తుంది. నూరేండ్లు బతకాలనే మొక్కుతాను, పళ్లు బిగబట్టి. నా కోపం చల్లారాలని మాత్రం ఇంతవరకు మొక్కలేదు. అవ్వ అది అడగలేదు.