అమ్మ పేరున వచ్చిన మనియార్డరు

నా చిన్నప్పుడు మా ఊరికి దుడ్లు సైకిల్ మీద వచ్చేవి. శిరివెళ్ల నుంచి టపా మామ తోలుసంచి తగిలించుకొని, గంట కొట్టుకుంటూ వచ్చేవాడు. మా నాయన బళ్లారి అవతల కాలువ తవ్వే గుంపులో ఉండేవాడు. గుంపు ఒకచోట నిలిచేది కాదు. మనియార్డరు కాగితం మీద ఏ ఊరు రాసి ఉందో మామ చదివి చెబితేనే నాయన ఎక్కడున్నాడో మాకు తెలిసేది.

మామ దుడ్లు లెక్కపెట్టి అమ్మ చేతిలో పెట్టేవాడు. అమ్మ మళ్లీ లెక్క చూసుకున్నాకే సిరాడబ్బా మూత తీసేవాడు. అమ్మ వేలిముద్ర వేస్తే, చదువొచ్చిన పక్కింటి అక్క సాక్షి సంతకం చేసేది. ఆ కాగితంలో ఒక ముక్క రసీదుగా తిరిగి నాయనకే పోయేది. ఇంటికి వచ్చినప్పుడు నాయన అనేవాడు, ఆ ముద్ర చూసుకుంటే ఇంట్లో అడుగుపెట్టి పోయినట్టు ఉంటుందని. అమ్మ సిగ్గుపడి లోపలికి పోయేది.

ఒక ఎండాకాలం అమ్మకు కాన్పు కష్టమైంది. బండి కట్టి నంద్యాల పెద్దాసుపత్రికి తీసుకుపోయారు. బిడ్డ దక్కలేదు, అమ్మా తిరిగి రాలేదు. నాయనను కన్న మా జేజి ఆయనకు కార్డు రాయించింది. గుంపు అక్కడి నుంచి ఎప్పుడో కదిలిపోయిందట, కార్డు వెనక్కి వచ్చింది. దాన్ని తెచ్చి జేజి చేతిలో పెట్టింది కూడా టపా మామే. ఆ తర్వాత ఇంట్లో నేనూ జేజీ మిగిలాం. ఆమె కూలికి పోతే నేను గడపలో కూర్చుని, నాయన ఎక్కడుంటాడో అనుకుంటూ పొద్దు పుచ్చేదాన్ని. ఆడుకుందాం రమ్మని కూడా ఎవరూ పిలిచేవాళ్లు కాదు. తల్లి పోయిన పిల్లను చూస్తే పిల్లలకూ భయమేమో.

అట్లా ఉండగా ఒక మధ్యాహ్నం గంట వినిపించింది. మామ సంచి దించి, "అవ్వా, నీ కొడుకు యాడుండాడో తెలిసింది. మనియార్డరు వచ్చింది, మీ కోడలి పేరున" అన్నాడు.

కూలి దొరక్క, అప్పటికి పొయ్యి వెలిగి ఎన్నాళ్లో అయింది. జేజి ఒక్కసారిగా లేచింది. సంచిలోని సిరాడబ్బా లాక్కుని, నా బొటనవేలు పట్టి అందులో అద్దింది.

"ఏందీ అవ్వా నువ్వు చేస్తాండేది?"

"దాని తల్లి దుడ్లే కదప్పా. తల్లి లేకపాయ, బిడ్డ ఉండాది. ఎవురొచ్చి చూస్తారు?"

"చూసేటోడు ఒకడుండాడు గదా, నీ కొడుకు."

"వానికి తెలిస్తే పార ఆడనే పారేసి వస్తాడు. వానలు పడేదాకా మేము మన్ను తినాల్నా?"

ఆమె అన్నది అబద్ధం కాదు. ఆ మాటకు మామ కూడా తల దించుకున్నాడు. కానీ వేలు కాగితం మీద పడకుండా పట్టుకున్న నా మణికట్టు మాత్రం వదల్లేదు. నేల మీద నా ఎదురుగా కూర్చుని, "పాపా, ఈ ముక్క మీ నాయన చేతికి పోతాది. చూసి ఏమనుకుంటాడు?" అని అడిగాడు.

"అమ్మ బాగుండాదనుకుంటాడు" అన్నాను.

అమ్మ పోయినప్పటి నుంచి నేను అంత గట్టిగా మాట్లాడింది అప్పుడే.

జేజి మామను నోటికొచ్చినట్టు తిట్టింది. "నీ అబ్బ సొమ్ము ఏం పోతాదిరా!" అంది. "నా సొమ్మయితే ఈ పాటికి నీ కొంగులో పోసేటోణ్ణి అవ్వా. సంచిలోది నాది గాదు" అని, మామ దీపంలోని నూనెతో తన రుమాలు తడిపి నా వేలు తుడిచాడు. కాగితం మీద ఏదో రాసి, అదే మాట పైకి చదివాడు, ఆ పేరు గల మనిషి చనిపోయిందని, దుడ్లు పంపినోనికే తిరిగి పోవాలని. అది విన్నాక జేజి కూలబడి ఏడ్చింది. అంతవరకూ ఆమె కంట నీళ్లు నేను చూడలేదు. కాగితం మీదున్న నాయన కొత్త ఊరికి మామ ఇంకో కార్డు రాశాడు. తన సద్దిమూట విప్పి జొన్నరొట్టెలు మా ముందర పెట్టి, సైకిల్ ఎక్కాడు. "రేపట్నుంచి మా ఇంటి ముందర గంట కొడితే నీ సైకిల్ బాయిలో ఏస్తా!" అని జేజి ఏడుస్తూనే అరిచింది. మామ పోయాక రొట్టె విరిచి మొదటి ముక్క నాకు పెట్టింది.

ఎన్ని రోజులు గడిచాయో చెప్పలేను. ఒక సాయంత్రం ఆళ్లగడ్డ బస్సులోంచి నాయన దిగాడు. పని పోయిందని గానీ, కూలి మిగిలిందా అని గానీ ఎవరూ మాట్లాడలేదు. ఆ రాత్రి నన్ను పక్కన పడుకోబెట్టుకుని, "మీ అమ్మకు నొప్పులు ఎప్పుడు మొదలైనాయి? నన్ను అడిగెనా?" అని ఒక్కొక్కటే అడిగాడు. అడిగిందని చెప్పాను. ఆ ఎండాకాలమంతా మేము గంజి తాగాము. కానీ ఏడవడానికి నాకొక తోడు దొరికింది.

మొన్న నా పెనిమిటి పోయినప్పుడు, పగిడ్యాలలో ఉండే ఆడబిడ్డకు చెప్పవద్దన్నారు ఆమె పిల్లలు. గుండె జబ్బు మనిషి, తట్టుకోలేదన్నారు. ఆమె ఫోను చేసి అన్నను పిలవమన్నప్పుడల్లా, నిద్రపోతున్నాడని నా చేత చెప్పించారు. చెప్పిన ప్రతిసారీ, లేని మనిషి పేరున వేలు అద్దినట్టు ఉండేది నాకు. ఒకరి కోసం ఎదురుచూసే వాళ్లకు నిజం వెనక్కి పోయి తీరాలని ఆ మధ్యాహ్నం నేర్చుకున్నాను. ఇంకే చదువూ నాకు రాదు. ఒకరోజు ఆమె పెద్దకొడుకును తల్లి పక్కనే కూర్చోమని చెప్పి, ఫోనులో నేనే చెప్పేశాను.

ఆమె అన్నా అని ఏడ్చింది. తర్వాత సన్నగా అడిగింది, "ఇన్నాళ్లూ నువ్వొక్కదానివే ఏడుస్తాంటివా వదినా?"

ఆ మాట అప్పటిదాకా నన్ను అడిగిన వాళ్లు లేరు.