అలక కాదు

మా వైపు పెళ్లిళ్లలో ఎవరైనా మాటామంతీ లేకుండా లేచి పక్కకు వెళ్లిపోయారంటే ఒకటే అర్థం, అలిగారని. పిలుపులో తేడా వచ్చి ఉంటుంది, లేదా పెట్టిన బట్టలు నచ్చి ఉండవు. దానికి మందు కూడా ఒకటే. నలుగురు వెళ్లి చుట్టూ చేరి, చేతులూ గడ్డమూ పట్టుకుని బతిమాలాలి. అలిగినవాళ్లు కాసేపు బెట్టు చేసి ఆఖరికి విస్తరి ముందు కూర్చుంటారు. మా పెద్దమ్మ ఈ విద్యలో ఆరితేరిన మనిషి. ఆవిడ వెళ్లిందంటే ఎంతటివాళ్లయినా దిగి రావలసిందే.

దిగిరానివాడు ఒక్క మా తమ్ముడే.

తమ్ముడు నౌపడ దగ్గర మా ఊళ్లో పిండిమిల్లు నడుపుతాడు. నేను పెళ్లయిన దగ్గర్నుంచీ విజయనగరంలోనే. మా ఆయనది స్టీలు సామాన్ల కొట్టు. నా పెళ్లిలో మేళం అందుకోగానే తమ్ముడు పందిట్లోంచి వెళ్లిపోయాడు. మావాళ్లు అలవాటు ప్రకారం వెంటపడ్డారు. ఎంత బతిమాలితే అంత దూరం పోయాడు. చివరికి గడ్డివాము వెనక చెవులు మూసుకుని కూర్చున్నవాడి గడ్డం పెద్దమ్మ పట్టుకోబోతే, ఆవిడ చెయ్యి విసిరికొట్టాడు. ఇంకేముంది, బావమరిదికి బావ నచ్చలేదని మగపెళ్లివారు తేల్చేశారు. మా ఆయన కోపిష్టి కాదు గాని మరచిపోయే మనిషి కూడా కాదు. ఆ మాట మనసులో పెట్టుకున్నాడు. తమ్ముడు ఆ తరవాత ఏ శుభకార్యానికీ రాలేదు. వాడికి చప్పుడు పడదేమోనని అమ్మ ఒకసారి అంటే, పొద్దస్తమానం మిల్లు హోరులో ఉండేవాడికి సన్నాయి పడదా అని అందరూ నవ్వారు. నాకూ అది సబబుగానే తోచింది.

ఇన్నాళ్లకు మా అమ్మాయి పెళ్లి కుదిరింది. పెళ్లికూతురిని గంపలో కూర్చోబెట్టి మండపానికి తేవలసింది మేనమామ. దానికి సొంత మేనమామ వీడొక్కడే. ఎందుకైనా మంచిదని మా ఆయన వరసకు మేనమామ అయ్యే ఇంకొకాయన్ని చూసి పెట్టాడు. అమ్మాయి ససేమిరా అంది. చిన్నప్పుడు సెలవులకు వెళ్లి, మిల్లులోంచి వచ్చే వేడివేడి పిండిని దోసిట్లో పోయించుకున్న పిల్ల అది. మావయ్య ముట్టని గంపలో కూర్చోనని మొండికేసింది. నాకు మాత్రం ఒకటే దిగులు. వాడు రాకపోతే ఇది ఏడుస్తుంది. వచ్చి మధ్యలో వెళ్లిపోతే ఇద్దరినీ ఓదార్చాలి.

ఆ రోజుల్లోనే మధ్యాహ్నం భోజనాలయ్యాక అమ్మాయి ఒక జపాను సీరియల్ పెట్టేది. మన సీరియళ్లలా అందులో ఒకే మొహాన్ని ముమ్మారు చూపించి ఢమఢమ వాయించరు. కింద వచ్చే ఇంగ్లీషు అక్షరాలు నేను కూడబలుక్కునే లోపే మాయమయ్యేవి, అమ్మాయే చెప్పేది. ఒక అక్క, ఆటిజం ఉన్న తమ్ముడు. ఒకరోజు కథలో చుట్టాలింట్లో విందు. అందరూ ఒక్కసారే మాట్లాడుతూ నవ్వుతుంటే ఆ తమ్ముడు లేచి వసారాలోకి పోయి గోడవైపు తిరిగి కూర్చున్నాడు. నేను సర్దుకు కూర్చున్నాను, ఇది నాకు తెలిసిన కథే. అక్క వచ్చింది. కమలాపండు వలిచి సగం అతని పక్కన పెట్టింది. తను వసారా ఆ చివరికి పోయి కూర్చుని మిగతా సగం తింది. పిలవలేదు, ముట్టుకోలేదు.

నాకు ఒళ్లు మండింది. "అదేటే, తమ్ముడు అలిగితే బతిమాలదేటి?" అన్నాను.

"అతను అలగనేదమ్మా. సప్పుడు ఎక్కువైపోనాది, అంతే."

ఆ మిగతా కథ నాకు తెలియదు. నా కళ్లకు గడ్డివాము తప్ప ఇంకేమీ కనబడలేదు.

మర్నాడే ఇద్దరం రైలెక్కి ఊరు వెళ్లాం. తమ్ముడు మిల్లులో ఉన్నాడు. మమ్మల్ని చూసి కూడా గింజలు పూర్తిగా అయ్యాకే మిల్లు ఆపాడు. మామూలుగా అయితే గుమ్మంలోంచే నా బతిమాలుడు మొదలయ్యేది. ఆరోజు బస్తా మీద కూర్చుని నోరు మూసుకున్నాను. నాకది ఎంత కష్టమో మా ఇంట్లో అందరికీ తెలుసు. మిల్లు చప్పుడు పడుతుంది గదా, మేళం ఎందుకు పడదని అమ్మాయే అడిగింది.

వాడు చేతుల పిండి దులుపుకున్నాడు. "మిల్లు నానే ఏస్తాను, నానే ఆపుతాను. మేళం ఎప్పుడు లేస్తాదో నాకేటి తెలుసు? ఆ పైన అందరూ వచ్చి పట్టుకుంటారు."

ఇంతే మాట. ఇన్నేళ్లూ బతిమాలాం గాని ఒక్కరమూ అడగలేదు. నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి.

"అయితే మేళం కూడా నువ్వే ఆపు మావా," అంది అమ్మాయి. గంప లేచింది మొదలు దింపేదాకా మేళం ఉండదు, మళ్లీ మావయ్య చెయ్యి ఎత్తాకే అందుకోవాలి. వాడు విని ఇంకో బస్తా విప్పుకున్నాడు.

మేళంవాళ్లు వెంటనే ఒప్పుకున్నారు. మా ఆయనతోనే కష్టమైంది. మేళం లేకుండా పిల్లను తెస్తే నలుగురూ ఏమనుకుంటారని గునిశాడు. మిల్లు మాట చెప్పాను. "అయితే ఆడికి నా మీద కోపం నేదా?" అని అడిగాడు. అప్పుడు అర్థమైంది, ఇన్నేళ్లూ అలిగింది వాడు కాదు, ఈయన.

పెళ్లికి తమ్ముడు వచ్చాడు. గంపకు ఒకవైపు వాడు, రెండోవైపు ఆ వరస మేనమామ. గంప లేవగానే మేళం ఆగింది. హాల్లో తలలన్నీ తిరిగాయి. ఫ్యాన్ల చప్పుడు తప్ప ఇంకేమీ వినబడలేదు. వాడు గంప దింపాడు, రెండడుగులు వెనక్కి వేసి, చెయ్యి ఎత్తాడు. మేళం అందుకుంది. వాడు ఉలిక్కిపడలేదు. నిదానంగా నడిచి హాలు వెనక వంటల వైపు వెళ్లిపోయాడు.

పెద్దమ్మ కొంగు దోపుకుని లేచింది, మళ్లీ అలిగాడని, తను తీసుకొస్తానని. ఆవిడ చెయ్యి పట్టుకుని ఆపాను.

"అలగనేదు పెద్దమ్మా. కూకోనీ."

దాంతో ఆవిడ అలిగింది. ఆవిడను బతిమాలుకున్నాను, అది నాకు వచ్చిన పనే.

తలంబ్రాలు అయిన కాసేపటికి తమ్ముడు తనంతట తనే వచ్చి నా పక్కన నిలబడ్డాడు. "అక్కా, బోయినాలు ఎక్కడ పెడతన్నారు?" అన్నాడు.

అలిగినవాళ్లెవరూ నోరు తెరిచి అన్నం అడగరు. హమ్మయ్య అనుకున్నాను, పైకే అనేశాను కూడా. మా ఆయన అప్పుడే మండపం దిగి వచ్చాడు.

"రా, నానూ పొద్దున్నుంచి తిన్నేదు," అని ముందు నడిచాడు. వాడి చెయ్యి మాత్రం పట్టుకోలేదు.