చీనీ తోట స్టార్టరులో వినిపించిన గొంతు

దయ్యాలున్నాయని నేనెన్నడూ నమ్మలేదు. మాది చర్చికి పోయే కుటుంబం, ఇంట్లో ఆ మాట ఎత్తితేనే నాయన కోప్పడేవాడు. పెద్దయ్యాక నాకు ఫోన్లు, బండ్లు, ఇంటర్నెట్ పిచ్చి పట్టింది. వాటి గురించి బ్లాగులో రాస్తుంటాను. ఎవరైనా వింత సంగతి చెబితే "వీడియో ఉందా?" అని అడిగే రకం నేను. ఇది చదివి మీరూ నన్ను అదే అడగవచ్చు.

మా మామకు, అంటే నా భార్య తండ్రికి, పులివెందుల దగ్గర చీనీ తోట, అంటే బత్తాయి తోట, ఉంది. ఇంటి నుంచి బోరు దూరం. మోటారు వేయడానికి ఆయన రోజూ నడిచిపోవడం చూసి నేనే మొబైల్ స్టార్టర్ పెట్టించాను. అందులో ఒక సిమ్ ఉంటుంది. మనం ఫోన్ చేస్తే దానంతట అదే ఎత్తుతుంది. రికార్డు చేసిన ఆడగొంతు "మోటారు ఆగి ఉంది, ఆన్ చేయడానికి ఒకటి నొక్కండి" అంటుంది. ఆయన నంబరుతో పాటు నా నంబరు కూడా అందులో ఎక్కించాను.

ఆయన ఒకటే అడిగాడు. "నువ్వెప్పుడన్నా మోటరు వేస్తే ముందు నాకొక మాట చెప్పప్పా."

సరేనన్నాను. ఆ మాట నిలుపుకోలేదు. ప్రొద్దుటూరులో టీ కొట్టు ముందు కూర్చుని, ఇక్కడ నొక్కితే పులివెందులలో నీళ్లు పారతాయని నలుగురికి చూపించుకోవడం నాకు సరదా అయింది. కాసేపు తిప్పి ఆపేసేవాణ్ణి. మోటారు దానంతట అదే తిరుగుతోందని మామ అంటే, కరెంటు హెచ్చుతగ్గులై ఉంటాయని చెప్పి తప్పించుకున్నాను.

ఒక ఎండాకాలం మధ్యాహ్నం. నా మిత్రుడు రఫీ, అతని తమ్ముడు అదే టీ కొట్టు దగ్గర నాతో ఉన్నారు.

"నీ బ్లాగంతా ఉత్త కోతలంటాడు మావాడు. యాడ, నీళ్లు పారిచ్చు సూద్దాం" అని రఫీ రెచ్చగొట్టాడు.

స్పీకర్ పెట్టి స్టార్టరుకు ఫోన్ చేశాను. ఆడగొంతు మామూలుగానే చెప్పింది. ఒకటి నొక్కబోతుంటే, ఫోన్లోంచి ఒక మగగొంతు వచ్చింది. ముసలి గొంతు, కొంచెం ఆయాసపడుతూ.

"నొక్కొద్దప్పా. బోరుకాడ మనిషుండాడు."

రఫీ పగలబడి నవ్వాడు. "ఏందప్పా, మీ మామను స్టార్టరు పెట్టెలో కూర్చోబెట్టినావా?"

అది మా మామ గొంతు కాదు. నాకు నవ్వు రాలేదు. ఫోన్ పెట్టేసి మామ నంబరుకు చేశాను. చాలాసేపు మోగాక ఎత్తాడు.

"ఏందప్పా? చేతులు ఖాళీ లేవు. కేబులు ఎలుక కొరికింటే టేపు చుడతాండా."

"ఫ్యూజులు పీకినావా మామా?"

"మోటరు ఆగే ఉండాది గదా, ఎందుకు పీకేది?"

"ముందు పీకు. నీ పక్కన ఎవరన్నా ఉన్నారా?"

"ఈ ఎండలో ఎవురుంటారు? నేనొగణ్ణే."

నేను ఒకటి నొక్కి ఉంటే ఆయన పట్టుకున్న తీగల్లోకే కరెంటు పోయేది.

నా ఫోన్లో కాల్స్ అన్నీ రికార్డవుతాయి. ఆ రోజే విన్నాను. ఆడగొంతు ఉంది. తర్వాత కాసేపు ఏమీ లేదు, కొట్టు దగ్గరి రోడ్డు చప్పుడు తప్ప. ఆ వెంటనే రఫీ నవ్వు, పెట్టెలో కూర్చోబెట్టినావా అన్న మాట. దేనికి నవ్వాడో అది మాత్రం లేదు. ఆ గొంతు మేం ముగ్గురమూ విన్నాం.

స్టార్టరును మెకానిక్‌తో విప్పించాను. ఆ ఆడగొంతు మాటలు తప్ప అందులో ఇంకేమీ లేవన్నాడు. వేరే ఎవరి ఫోన్ కాలో కలిసి ఉంటుందన్నాడు. కలిస్తే కలవవచ్చు. మా బోరు దగ్గర మనిషి ఉన్నాడని వాళ్లకెలా తెలుసు?

మామ మాత్రం వేంపల్లె బంధువులందరికీ చెప్పుకున్నాడు, దానంతట అదే తిరిగే మోటారు నుంచి అల్లుడు ఫోన్ చేసి తన ప్రాణం కాపాడాడని. అది వినలేకపోయాను. ఆదివారం తోటకు పోయి, టీ కొట్టు దగ్గర చేసిన పనులన్నీ, ఆ గొంతు సంగతీ చెప్పాను.

ఆయన తన చేతులకేసి చూసుకున్నాడు. తిట్టి ఉంటే బాగుండేది.

"ఆ మాటన్నాయన ఎవురి ఇంటోడో అడగల్యా?" అన్నాడు.

"లేదు మామా. భయపడి కట్ చేసినా."

"అడగాల్సిందప్పా."

నా నంబరు స్టార్టరులోంచి తీయించేశాను. ఆ గొంతు ఎవరిదో, ఎక్కడి నుంచి వచ్చిందో నాకు ఇప్పటికీ తెలియదు. తెలిసినట్టు రాయలేను.

మొన్న తోటకు పోయినప్పుడు మామ నా ముందే మోటారు వేయడానికి స్టార్టరుకు ఫోన్ చేశాడు. ఆడగొంతు ఒకటి నొక్కమంది. ఆయన నొక్కలేదు. ఫోన్ చెవికి ఆనించుకుని, బోరు వైపు చూస్తూ అట్లే నిలబడ్డాడు.

"ఈపొద్దు ఆయన ఏమీ అనల్యా" అని, అప్పుడు నొక్కాడు.