నిండుగా తిరిగొచ్చే సీసా

మా అమ్మాయి చదివే హైస్కూల్లో ర్యాంపు ఉంది. లేదని నేనెందుకంటాను? పక్కన గోడ మీద చక్రాల కుర్చీ బొమ్మ కూడా వేశారు. ఆ ర్యాంపు మీదుగా పోతే హెడ్మాస్టరు గది వస్తుంది. పదో తరగతి మాత్రం మేడ మీద ఉంది.

నా బిడ్డకు పుట్టుకతోనే కాళ్లలో బలం లేదు. తర్లుపాడు దగ్గర మా ఊళ్లో చిన్నప్పుడు దాన్ని బడికి చేర్చడం ఎవరికీ బరువనిపించలేదు. మేనమామో, తోటి పిల్లలో ఎత్తుకుపోయేవాళ్లు. పెద్దమనిషి అయ్యాక, ఇక పరాయివాళ్లు ఎత్తుకోవడానికి వీల్లేదంది మా అత్త. ఆమె అనకపోయినా అది ఒప్పుకునేది కాదు. అందుకని పొద్దున్నే వాళ్ల నాయన మేడ ఎక్కించి గొర్రెలు తోలుకుపోతాడు, సాయంత్రం వచ్చి దించుతాడు. మధ్యలో దిగే దారి లేదు, బాత్రూములేమో కింద. బడిలో అది చుక్క నీళ్లు తాగదు. మా వైపు ఎండలు ఎరిగినవాళ్లకు ఇంకేం చెప్పాలి? ఒకసారి మూత్రంలో మంట, జ్వరంతో మార్కాపురం ఆస్పత్రిలో చేరిస్తే, పిల్లకు నీళ్లు తాగించవా అని డాక్టరమ్మ నన్నే కోప్పడింది.

నేను అడిగింది ఒక్కటే, పదో తరగతిని కిందికి మార్చమని. కింద ఒక గదినిండా విరిగిన సామానే. హెడ్మాస్టరు మంచిగా మాట్లాడతాడు, అదే నా ఖర్మ. తిడితే తిరిగి తిట్టొచ్చు. పైన అయితే గోల లేకుండా చదువుకుంటారన్నాడు. పైవాళ్లు చెప్పాలన్నాడు. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడని ఊరికే అన్నారా? చివరికి, ఇంట్లోనే ఉంచి పరీక్షలకు తీసుకురండి అని సలహా ఇచ్చాడు. ఇంట్లో లెక్కలు ఎవరు చెప్తారు, గొర్రెలా?

దసరా సెలవులయ్యాక వాళ్ల నాయనకు నడుము పట్టేసింది. ఎత్తడం నా వల్ల కాదు. ఇక బడి మాన్పిద్దామా అని మేమిద్దరం అనుకోవడం అది విన్నది. మర్నాడు ఆటోలో తీసుకుపోతే మెట్ల దగ్గర దించమంది. కూర్చుని, చేతులు వెనక్కి ఆనించి, ఒక్కో మెట్టూ జరుగుతూ పైకి ఎక్కింది. యూనిఫాం వెనకంతా దుమ్ము.

వారం తిరక్కుండా హెడ్మాస్టరు నన్ను పిలిపించాడు. గది మారుస్తాడేమోనని ఆశగా పోయాను. ప్రార్థన దగ్గర మా అమ్మాయిని ముందు కూర్చోబెట్టి, పట్టుదలంటే ఇదీ అని పొగిడి, బహుమతిగా స్టీలు నీళ్ల సీసా ఇచ్చాడు. బడంతా చప్పట్లు. అది తల దించుకుంది. నేను ఆగలేకపోయాను.

"సార్, ఇన్ని చేతులు ఉండాయి గదా. చప్పట్లు కొట్టే బదులు తలా ఒక బల్ల పట్టుకుంటే గంటలో తరగతి కిందికొస్తాది. నా బిడ్డ పట్టుదల చూసినారు. మీ పట్టుదల ఏంది సార్ ఇట్ల?"

ఆయన నవ్వి, చూద్దాంలేమ్మా అన్నాడు. గంట కొట్టారు. పిల్లలంతా వరసగా మేడ ఎక్కారు. అందరి వెనకా మా అమ్మాయి, మెడలో ఆ సీసాతో, కూర్చునే ఎక్కింది.

ఇప్పటికీ తరగతి మేడ మీదే ఉంది. జరుగుతూ దిగి, బాత్రూముకు పోయి మళ్లీ ఎక్కాలంటే ఇంటర్వెల్ చాలదు. ఒక్క గుక్కైనా తాగుతుందేమోనని రోజూ పొద్దున సీసా నింపి ఇస్తాను. సాయంత్రం నిండుగానే తిరిగొస్తుంది. ఆ నీళ్లు గొర్రెపిల్లల తొట్లో పోస్తాను.