కొసరు ఆకు

ఆ రోజుల్లో లెక్క రాసి పెట్టుకుంటే నిజం దొరికినట్టేనని నా నమ్మకం. జగ్గయ్యపేట నుంచి నందిగామ కాలేజీకి వెళ్లే బస్సు టిక్కెట్టు నంబరు కూడా డైరీలో ఎక్కించేదాన్ని (ఎందుకని అడక్కండి). ఒకనాడు మా బోటనీ మాస్టారు, కొబ్బరినీళ్లలో సైటోకైనిన్ అనే హార్మోను ఉంటుందనీ, తెంపిన ఆకును కూడా అది త్వరగా పండనివ్వదనీ, పచ్చదనం నిలిచినన్నాళ్లూ ఆకు ఎండతో తన తిండి తాను వండుకుంటూనే ఉంటుందనీ చెప్పారు. తెంపేశాక కూడానా! ఆ పూట నాకు అన్నం సయించలేదు. పైగా, మంచి ప్రయోగం చేసినవాళ్లని బెజవాడ సైన్సు ప్రదర్శనకు పంపుతానన్నారు.

పెరట్లో పాదు నుంచి ఇరవై చిక్కుడాకులు కోసి, పది మంచినీళ్ల పళ్లెంలో, పది కొబ్బరినీళ్ల పళ్లెంలో వేశాను. నాయనమ్మ తొంగి చూసింది. "ఆకులకి కొబ్బరినీళ్లేంటే, విరేచనాలు పట్టుకున్నాయా?"

"ముట్టుకోకు నాయనమ్మా, బెజవాడ వెళ్లాలి."

"ఎవరూ, ఆకులా?"

శనివారానికి కొబ్బరినీళ్లలోవి పదీ పచ్చగానే ఉన్నాయి. మంచినీళ్లలో ఆరు పండిపోయాయి. ఆదివారం చిల్లకల్లులో పెళ్లికి వెళ్లొచ్చి, సోమవారం పొద్దున చూద్దును కదా, మంచినీళ్లలో ఒక్క పండాకు లేదు! పండిన ఆకు మళ్లీ పచ్చబడుతుందని కనిపెట్టిన మొదటి మనిషిని నేనే అనుకున్నాను. మూడుసార్లు లెక్కపెట్టి, "పచ్చవి పదకొండు, పండినవి సున్నా" అని రాసుకుని బస్సుకు పరిగెత్తాను.

క్లాసులో గొంతెత్తి చదివాను. మాస్టారు కళ్లజోడు తీశారు. "శనివారం పది, ఇవాళ పదకొండా?"

"అవునండి. మూడుసార్లు లెక్కపెట్టా."

"హార్మోను పోసినవి బుద్ధిగా ఉన్నాయి గానీ, మంచినీళ్లకే పిల్లల్ని పెట్టాయన్నమాట!"

బెజవాడకు ఇంకో అమ్మాయి వెళ్లింది.

ఇంటికొచ్చి నాయనమ్మ మీద ఎగిరాను. "అటు పదీ నవనవలాడుతుంటే ఇటు ఆరు పండిపోయాయి. నీకు సగం మార్కులే వేస్తారని మార్చేశానే," అంది.

"మరి ఏడెందుకు వేశావు?"

"కొసరే పిచ్చిమొహమా! ఆరు పెట్టి ఊరుకుంటారా ఎవరన్నా?"

ఇప్పటికీ అప్పుడప్పుడు వంటింటి కిటికీలో రెండు పళ్లేలు పెడుతుంటాను. మంచినీళ్లలోవి ముందు పండుతాయి, లెక్క ఎన్నడూ తప్పదు. అయినా పొద్దున్నే మూడుసార్లు లెక్కపెడతాను, పదకొండు వస్తాయేమోనని.