పదిసార్లు లాగిన స్కార్ఫు

ఆదోని నుంచి ఎమ్మిగనూరు పోయే బస్సులో ఆ అమ్మాయి నా పక్కన కూర్చుంది. ఐటీఐలో ఫిట్టరు చదివిందట. దారిలోని స్పిన్నింగ్ మిల్లులో ఆరోజే పనిలో చేరాలి. హిజాబుగా తలకు కట్టిన స్కార్ఫు యంత్రంలో చిక్కుకుంటుందని, అది తీసేసి వస్తేనే పని అని మేనేజరు చెప్పాడట.

"ఆయప్ప భయం నిజమే అక్కా. అందుకే ఏలాడే కొస లేకుండా కుట్టినా. గడ్డం కింద టిచ్ బటన్లు. చిక్కుకున్నా ఊడొస్తాది. లాగి సూడు."

లాగాను. టప్పున ఊడింది. లోపల జుట్టు దాచిన నల్ల టోపీ ఉంది. ఒక్కసారి చూస్తే పరీక్ష కాదు, పదిసార్లు లాగుదామన్నాను.

ఐదోసారికి కండక్టరు వచ్చి, "ఏమమ్మా, సీటు కాడ కొట్లాటనా?" అన్నాడు.

"లేదన్నా, ఉద్యోగం కాడ!" అని ఆమె నవ్వింది.

ఎనిమిదోసారి ఊడలేదు. మూడు బటన్లలో మధ్యది పట్టేసింది. ఆమె దాన్ని గోటితో పీకి చూసింది.

"రెండు చాలు," అన్నాను.

పంటితో దారం కొరికి దాన్ని తీసేసింది. మళ్లీ ఒకటి నుంచి లెక్కపెట్టి లాగాను. పదికి పదిసార్లూ ఊడింది.

"ఇంక ఆయప్పనే లాగమంటా!" అంటూ మిల్లు గేటు దగ్గర దిగి పరుగెత్తింది. పేరు అడగడం మరిచాను.

నెల తర్వాత అదే బస్సు కిటికీలోంచి షిఫ్టు దిగే ఆడవాళ్లను చూశాను. అలాంటి స్కార్ఫులు నాలుగు లెక్కకొచ్చాయి. నాలుగో దాని కింద, నుదుటిమీద బొట్టు ఉంది.